సోమవారం సెలవు ఎవరి పుణ్యం: ఇంబోల్క్, బ్రిజిడ్, కొంచెం గొర్రె పాల సంగతి
(డబ్లిన్‌లో తెలుగువాళ్ళ శనివారం మీటింగ్‌లో మాట్లాడింది, రికార్డింగ్ విని టైప్ చేసింది)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఓకే.

ఎల్లుండి సోమవారం మనందరికీ సెలవు. ఎందుకురా సెలవు అని మా టీమ్‌లో మన అబ్బాయిని అడిగితే "బ్యాంక్ హాలిడే అన్నా" అన్నాడు. ఏ బ్యాంక్‌ది అంటే తెల్లమొహం వేశాడు (నవ్వులు). పాపం వాడి తప్పేం లేదు, ఈ సెలవు వచ్చిందే 2023లో. అంతకుముందు ఇక్కడ జనవరి 1 అయిపోయిందంటే మళ్ళీ సెలవు మార్చి 17న ప్యాట్రిక్ డేకే. కోవిడ్ టైంలో కష్టపడ్డవాళ్ళకి థ్యాంక్స్ చెప్పాలి, పోయినవాళ్ళని తలుచుకోవాలి అని 2022 జనవరిలో గవర్నమెంట్ ఒక కొత్త సెలవు ప్రకటించింది, దాన్ని సెయింట్ బ్రిజిడ్ అని ఐర్లండ్‌లో పాతకాలపు సన్యాసిని పేరు మీద పెట్టారు. ఆమె రోజు ఫిబ్రవరి 1. సెలవు మాత్రం ఫిబ్రవరి మొదటి సోమవారం ఇస్తారు, ఒకటో తారీఖు శుక్రవారం పడితే ఆ శుక్రవారమే. ప్యాట్రిక్‌కి 1903 నుంచి సెలవుంది, బ్రిజిడ్‌కి రావడానికి ఇంకో 120 ఏళ్ళు పట్టింది. ఒక ఆడమనిషి పేరు మీద ఈ దేశంలో ఇదే మొదటి సెలవు.

అయితే ఈ రోజుకి సెయింట్ కంటే పాత పేరు ఇంకోటుంది, ఇంబోల్క్. ఇక్కడి పాత లెక్కలో ఏడాదికి నాలుగు పెద్ద మలుపులు. నవంబర్ 1 సావిన్, అంటే మన పిల్లలు హాలోవీన్ అని చాక్లెట్లు అడుక్కునేదానికి మూలం. ఫిబ్రవరి 1 ఇంబోల్క్. మే 1 బ్యాల్తనా. ఆగస్టు 1 లూనసా. వీళ్ళకి రోజు సాయంత్రంతో మొదలవుతుంది కాబట్టి అసలు సందడంతా జనవరి 31 రాత్రే. వసంతం మొదలైంది అని చెప్పే పండగ ఇది.

ఇప్పుడు మీరు కిటికీలోంచి బయటికి చూసి, ఇదేం వసంతం అనొచ్చు. నేను కూడా అదే అన్నాను వచ్చిన కొత్తలో. నాలుగు డిగ్రీలు, అడ్డంగా కొట్టే వాన, దీన్ని వసంతం అనడానికి చాలా ధైర్యం కావాలి. వాతావరణ శాఖవాళ్ళు కూడా ఒప్పుకోరు, వాళ్ళ లెక్కలో వసంతం మార్చి, ఏప్రిల్, మే. కానీ మీ పిల్లల్ని అడగండి, స్కూల్లో మాత్రం ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ అని నేర్పిస్తారు. ఆ గొడవ ప్రతి ఏడాదీ రేడియోలో వస్తుంది, తేలదు.

వేడి చూస్తే ఇది అర్థం కాదు, వెలుతురు చూడాలి. డబ్లిన్‌లో డిసెంబర్ 21న పగలు ఏడున్నర గంటలే. హైదరాబాద్‌లో ఎంత చలికాలమైనా పగలు దాదాపు 11 గంటలుంటుంది, అందుకే మనకి చీకటి అంటే ఏంటో ఇక్కడికి వచ్చేదాకా తెలీదు. నైట్ డ్యూటీ చేసే నర్స్ అక్కలున్నారు ఇక్కడ, డిసెంబర్‌లో వారాల తరబడి సూర్యుడి మొహం చూడనివాళ్ళు, వాళ్ళని అడగండి. అదే ఫిబ్రవరి 1 వచ్చేసరికి పగలు దాదాపు 9 గంటలు అయిపోతుంది. ఆఫీసు నుంచి బయటికొస్తే ఐదింటికి ఇంకా కొంచెం వెలుగుంటుంది. ఆ రోజు లిఫ్ట్‌లో ప్రతి ఐరిష్ మనిషీ అదే మాట అంటాడు, సాయంత్రాలు సాగుతున్నాయి చూశారా అని. మాటకోసం మాట అనుకున్నా మొదట్లో, కాదు, నిజంగానే వాళ్ళకి అది పెద్ద వార్త.

ఇక కళ్ళకి కనబడే గుర్తులు కొన్ని ఉన్నాయి. స్నోడ్రాప్ అని తెల్లగా తలొంచుకుని ఉండే చిన్న పువ్వు, ఇంబోల్క్ ఫొటో ఎక్కడ చూసినా అదే ఉంటుంది. తమాషా ఏంటంటే అది ఈ దేశం పువ్వు కాదు, తోటల కోసం బయటినుంచి తెచ్చింది. బ్రిజిడ్ పువ్వు అని పల్లెల్లో చెప్పేది డాండెలియన్, మనం లాన్‌లోంచి పీకి పారేసే ఆ పచ్చ పువ్వు, దాని కాడ విరిస్తే పాలు వస్తాయి. అలాగే ఆమె పక్షి ఆయిస్టర్‌క్యాచర్, నలుపూ తెలుపూ, ఎర్ర ముక్కు, డబ్లిన్ బే పక్కన నడిస్తే బురదలో పొడుచుకుంటూ గుంపులు గుంపులుగా కనిపిస్తుంది.

సరే, అసలు విషయానికి వస్తా. ఈ పండగ గురించి ఆన్‌లైన్‌లో వెతికితే ఐదువేల ఏళ్ళ నాటి దేవత, అగ్ని, మంత్రాలు, క్యాండిల్స్ అని కుప్పలు కుప్పలుగా దొరుకుతుంది. నేను కొన్నాళ్ళుగా దీని గురించి చదువుతూ, ఏది ఎప్పుడు మొదటిసారి రాతలో కనబడిందో ఒక వరసలో పెట్టుకుంటూ వచ్చా. పెట్టుకున్నాక నాకు తేలింది ఏంటంటే, ఈ పండగలో గట్టిగా పట్టుకోగలిగిన పాత విషయం దేవత కాదు, అగ్ని కాదు, ఈ పండగకి ఇళ్ళల్లో అల్లే ఆ గడ్డి క్రాస్ కూడా కాదు. గొర్రె పాలు.

నవ్వకండి, చెప్తా. మాది పాలమూరు వైపు, మా తాత గొర్లు కాసిన మనిషి, కాబట్టి ఈ సబ్జెక్ట్‌లో నాకు కొంచెం హక్కుంది (నవ్వులు). చూడి గొర్రె ఐదు నెలలు మోస్తుంది. ఈనడానికి రెండు మూడు వారాల ముందు నుంచే పొదుగు చేస్తుంది. మా తాత పొద్దున్నే మందలో తిరుగుతూ ఒక్కో గొర్రె పొదుగు కింద చెయ్యిపెట్టి చూసేవాడు, వేళ్ళకి వెచ్చగా, బిగువుగా తగిలితే దాన్ని పక్కకి తోలేవాడు. ఇది ఈ వారంలో ఈనుతుంది, ఇది ఇంకా లేదు అని చెప్పేవాడు, క్యాలెండర్ చూసేవాడు కాదు. ఇక్కడి పాత ఊళ్ళల్లో కూడా అదే జరిగి ఉంటుంది, చెయ్యి ఒకటే, పొదుగు ఒకటే.

పాత ఐర్లండ్‌లో తిండి అంటే ముఖ్యంగా పాలు. పాలు, పెరుగు, వెన్న, రకరకాల జున్ను, ఎండాకాలమంతా అదే. కానీ చలికాలం ఆవులు వట్టిపోతాయి. ఎందుకంటే ఇక్కడ ఎండుగడ్డి చేసి దాచే అలవాటే లేదు. ఇది బీడ్ అని ఇంగ్లండ్‌లో ఒక సన్యాసి 731లో పూర్తిచేసిన చరిత్రలో రాశాడు, ఐర్లండ్‌లో చలి తక్కువ కాబట్టి అక్కడ ఎవరూ చలికాలం కోసం గడ్డి కోసి దాచరు, పశువులకి కొట్టాలు కట్టరు అని. అంటే పశువు బయట మిగిలిన గడ్డేదో కొరుక్కుని బతకాలి. పాలెక్కడివి? మనుషులు దాచుకున్న ఉప్పు మాంసం, గింజలు, పాత వెన్న మీద నెలలు లాక్కొస్తారు. అలాంటప్పుడు ఆవు కంటే ముందు ఈనేది గొర్రె. తక్కువ గడ్డితో సర్దుకునే ప్రాణి కదా. మన దగ్గర గొర్రె పాలు పిల్లలకే వదిలేస్తాం, పెద్దగా తాగం, ఇక్కడ మాత్రం పిండుకునేవాళ్ళు. నెలల తర్వాత ఇంట్లోకి వచ్చే మొదటి పచ్చి పాలు అవే. పండగ చేసుకోకపోతే ఆశ్చర్యపోవాలి.

ఇది నా ఊహ కాదు. కూ హులిన్ అని ఐరిష్ కథల్లో ఒక వీరుడున్నాడు, ఎమెర్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానని వెళ్తాడు. ఆమె ఊరికే ఒప్పుకోదు, షరతులు పెడుతుంది, అందులో ఒకటి సావిన్ నుంచి ఇంబోల్క్ దాకా, ఇంబోల్క్ నుంచి బ్యాల్తనా దాకా, అలా ఏడాదంతా నిద్రపోకుండా ఉండాలి అని. ఆ కథ రాసిన సన్యాసులు అక్కడే ఇంబోల్క్ అంటే వసంతం మొదట్లో గొర్రెల పాలు పిండే సమయం అని ఒక ముక్క వివరణ కూడా పెట్టారు. దాదాపు వెయ్యేళ్ళ కిందటి రాత. దేవత పేరు లేదు, పూజ లేదు. పాలు ఉంది.

ఇప్పుడు బ్రిజిడ్ దగ్గరికి వద్దాం. సెయింట్ బ్రిజిడ్ కిల్డేర్‌లో ఆశ్రమం పెట్టింది, పోయింది సుమారు 524లో అంటారు. ఆమె జీవితం గురించి కాగిటోసస్ అనే సన్యాసి సుమారు 650లో రాశాడు, అంటే ఆమె పోయాక నూట పాతికేళ్ళకి. అందులో కథలు భలే ఉంటాయి. వానలో తడిసి ఇంటికొచ్చింది, లోపల చిన్న సందులోంచి ఎండ పడుతోంది, కళ్ళు బైర్లు కమ్మి దాన్ని ఏదో కర్ర అనుకుని తడి బట్ట దాని మీద ఆరేసింది, ఆ ఎండ కిరణం బట్టని మోసింది. ఇంకో కథలో అయితే కుష్ఠు రోగులు బీరు అడిగితే ఇంట్లో లేక, స్నానానికి పెట్టిన నీళ్ళని బీరుగా మార్చి ఇచ్చింది. గిన్నెస్ బీరు పుట్టిన దేశం కదా మరి (నవ్వులు). ఆమెదే ఇంకో పాత జీవితకథలో ఒక మంచి ఘట్టం, బిషప్ మెల్ ఆమెకి సన్యాసం ఇవ్వాల్సింది పోయి, దేవుడి మైకంలో పుస్తకంలో వేరే పేజీ చదివేసి బిషప్‌ని చేసేస్తాడు. పక్కవాళ్ళు అయ్యో అంటే, నా చేతుల్లో ఏం లేదు, ఇది దేవుడిచ్చింది అంటాడు. ఆడవాళ్ళు ప్రీస్ట్‌లు కావాలి అని వాదించేవాళ్ళు ఈనాటికీ ఈ కథని వదలరు, వదలకూడదు కూడా.

ఇంకా అందరికీ తెలిసింది దుప్పటి కథ. లెన్‌స్టర్ రాజుని ఆశ్రమానికి భూమి అడిగితే, నీ దుప్పటి ఎంత కప్పితే అంత తీసుకో అని ఎగతాళి చేశాడు, దుప్పటి పరిస్తే అది సాగుతూ సాగుతూ కర్రా మైదానం మొత్తం కప్పేసింది. కర్రా అంటే కిల్డేర్ పక్కనే, మోటార్‌వే మీద లిమరిక్ వైపు వెళ్ళేటప్పుడు ఒక చోట కంచెలు లేకుండా పచ్చగా విశాలంగా కనిపిస్తుంది చూడండి, అదే. ఐరిష్ డెర్బీ గుర్రప్పందాలు జరిగేది అక్కడే. గొర్రెలు ఇప్పటికీ మేస్తాయి.

ఇక్కడ ఒక్కసారి తారీఖులు చూడండి. 650లో సెయింట్ కథ. అందులో దేవత ఊసు లేదు, ఆరని అగ్ని ఊసు కూడా లేదు. బ్రిజిడ్ అనే దేవత ఉంది, దగ్దా అనే పెద్ద దేవుడి కూతురు, కవులు ఆమెని కొలిచేవాళ్ళు, అదే పేరుతో ఇద్దరు చెల్లెళ్ళు, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరి పనికి అని చెప్పేది కోర్మాక్ నిఘంటువు, అది సుమారు 900లో వచ్చింది. సెయింట్ కథ వచ్చిన రెండువందల యాభై ఏళ్ళ తర్వాత. కిల్డేర్‌లో ఆరని అగ్ని గురించి మొదట రాసింది జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే చర్చి మనిషి, 1180ల్లో ఐర్లండ్ తిరిగినప్పుడు. గడ్డి క్రాస్ గురించి 17వ శతాబ్దం దాకా ఎక్కడా రాతలో కనబడదు. ఇంబోల్క్‌ని ఎనిమిది పండగల చక్రంలో ఒకటిగా పెట్టి, విక్కా అనే కొత్త మతంవాళ్ళు, పేగన్ అని, అంటే క్రైస్తవం రాకముందరి దేవుళ్ళని కొలుస్తామని చెప్పుకునేవాళ్ళు చేసుకోవడం మొదలైంది ఇంగ్లండ్‌లో, 1950ల్లో. సెలవు 2023.

ఇలా చెప్తే కొంతమందికి కోపం వస్తుంది. అంటే దేవత అబద్ధమా అంటారు. నేను అలా అనట్లేదు. రాతలో తర్వాత వచ్చింది కాబట్టి నోటిలో కూడా తర్వాతే పుట్టింది అని రూలేం లేదు, మన ఊరి గ్రామదేవత గురించి పుస్తకం ఎప్పుడు రాశారు చెప్పండి? పండగ చర్చి కంటే పాతదే అని చరిత్రకారులు కూడా ఒప్పుకుంటారు, దాని పేరుకి చర్చితో సంబంధం లేదు, మిగతా మూడు మలుపులతో లెక్కగా కుదిరింది. రోనాల్డ్ హటన్ అని బ్రిటన్‌లో పండగల చరిత్ర మీద బాగా పనిచేసిన ప్రొఫెసర్ ఉన్నాడు, ఆయన చెప్పేది కూడా ఇదే, పండగ పాతది, కానీ క్రైస్తవం రాకముందు ఆ రోజు ఏ తంతు చేసేవాళ్ళో చెప్పే రాత ఒక్కటీ లేదు. కాబట్టి ఎవరైనా ఇదిగో ఐదువేల ఏళ్ళ నాటి అసలు ఇంబోల్క్ పూజ అని వర్క్‌షాప్ పెట్టి 80 యూరోలు అడిగితే, వెళ్ళండి, ఎంజాయ్ చేయండి, కానీ ఐదువేలు అన్న మాట మాత్రం నమ్మకండి.

ఆ ఐదువేలు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్తా. తారా కొండ మీద మౌండ్ ఆఫ్ ది హాస్టేజెస్ అని ఒక రాతియుగం సమాధి ఉంది, దగ్గర దగ్గర ఐదువేల ఏళ్ళదే. ఫిబ్రవరి మొదట్లో, మళ్ళీ నవంబర్ మొదట్లో సూర్యోదయం వెలుగు దాని లోపలికి పడుతుంది. బాగుంది. కానీ ఆ దారి పొడవు నాలుగు మీటర్లే, పొట్టి దారి కాబట్టి వెలుగు చాలా రోజులు పడుతుంది, న్యూగ్రేంజ్ అనే ఇంకో రాతియుగం సమాధిలోలాగా పొడుగాటి సొరంగంలో పడే సన్నటి గీత కాదు. దాని మీద ఒక పండగనే నిలబెట్టడం నాకైతే కష్టంగా అనిపిస్తుంది.

అగ్ని సంగతి మాత్రం ఎంతసేపు చెప్పినా తనివి తీరదు. జెరాల్డ్ రాసింది ఏంటంటే, కిల్డేర్‌లో 19 మంది సన్యాసినులు రాత్రికి ఒకరు చొప్పున అగ్నిని చూసుకుంటారు. 20వ రాత్రి, ఆఖరి సన్యాసిని కట్టెలు పక్కన పెట్టి, "బ్రిజిడ్, ఈ రాత్రి నీదే, నీ అగ్ని నువ్వే చూసుకో" అని చెప్పి వెళ్ళిపోతుంది. తెల్లారి చూస్తే కట్టెలు కాలి ఉంటాయి, అగ్ని వెలుగుతూనే ఉంటుంది. ఎన్ని వందల ఏళ్ళుగా కట్టెలు కాలుస్తున్నా బూడిద మాత్రం పెరగలేదట. చుట్టూ కంచె, మగవాడు లోపలికి అడుగు పెట్టకూడదు, ఎవడో పెట్టబోతే తోటివాళ్ళు వెనక్కి లాగారు, పెట్టిన కాలు జన్మంతా కుంటిదైపోయింది అని కూడా రాశాడు. జెరాల్డ్‌కి ఐరిష్‌వాళ్ళంటే చిన్నచూపు, ఆయన రాసింది కాస్త జల్లెడ పట్టుకునే చదవాలి. కానీ 20వ రాత్రి ఎవరూ కాపలా లేని ఆ అగ్ని, దాన్ని ఎవరు ఊహించినా దండం పెట్టాలి. మఠాలు మూసేసిన 16వ శతాబ్దంలో ఆ అగ్ని ఆగిపోయింది. 1993లో బ్రిజిడైన్ సన్యాసినులు కిల్డేర్ బజారులో మళ్ళీ వెలిగించారు, 2006లో అక్కడే స్క్వేర్‌లో శాశ్వతంగా ఒక జ్యోతి పెట్టారు. అప్పటి ప్రెసిడెంట్ మేరీ మెకలీస్ వెలిగించింది.

ఇప్పుడు మామూలు ఇళ్ళల్లో ఏం చేసేవాళ్ళో చెప్తా, ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. దీనికి సాక్ష్యం బోలెడుంది. 1937 నుంచి 1939 దాకా ఈ దేశంలో స్కూలు పిల్లలకి ఒక పని ఇచ్చారు, ఇంటికెళ్ళి తాతా నానమ్మల్ని అడిగి పాత సంగతులు నోట్‌బుక్‌లో రాసుకు రమ్మని. దాదాపు 5,000 స్కూళ్ళు. ఆ పిల్లల చేతిరాత ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. 1942లో మళ్ళీ ఒక్క బ్రిజిడ్ పండగ మీదే ప్రశ్నలు పంపించి దేశమంతా జవాబులు రాబట్టారు.

అందులో ఉత్తరం వైపు, డొనెగల్ వైపు ఇళ్ళల్లో జరిగేది ఇది. జనవరి 31 సాయంత్రం. ఇంట్లో వంట అయింది, ఉడకబెట్టి మెత్తగా మెదిపిన ఆలుగడ్డ, మధ్యలో గుంట చేసి అందులో వెన్న. తలుపు వేసేసి అందరూ లోపల ఉంటారు. ఇంట్లో ఒక అమ్మాయి, బ్రిజిడ్ అనే పేరున్న పిల్ల ఉంటే ఇంకా మంచిది, బయటికెళ్ళి ముందే కోసుకొచ్చి పెట్టిన రష్ గడ్డి మోపు ఎత్తుకుంటుంది. రష్ అంటే మన చెరువు గట్టు తుంగలాంటిది, తడి నేలల్లో పెరుగుతుంది, ఇక్కడ ప్రతి పొలంలో రైతుకి తలనొప్పి అదే. ఆ మోపుతో తలుపు దగ్గర నిలబడి, "మోకాళ్ళ మీద కూర్చోండి, కళ్ళు తెరవండి, బ్రిజిడ్‌ని లోపలికి రానివ్వండి" అంటుంది. లోపలినుంచి అందరూ "రావమ్మా రా, స్వాగతం" అంటారు. మూడుసార్లు. మూడోసారి తలుపు తీస్తారు. ఆ పిల్ల లోపలికొచ్చి గడ్డిని టేబుల్ కింద పెడుతుంది, అందరూ తింటారు, తిన్నాక అదే గడ్డితో క్రాస్‌లు అల్లుతారు. ఇంట్లో రోజూ కనబడే ఆ పిల్లే ఆ పది నిమిషాలు వేరే మనిషి. వాళ్ళ నాన్న కూడా మోకాళ్ళ మీద ఉంటాడు.

అల్లడం కష్టం కాదు. ఒక పుల్ల నిలువుగా పట్టుకుంటారు. ఇంకో పుల్లని సగానికి మడిచి దాని నడుము చుట్టూ పక్కకి వేస్తారు. నొక్కి పట్టి మొత్తాన్ని పావు వంతు తిప్పుతారు, ఇంకోటి మడిచి మళ్ళీ పక్కకే వేస్తారు, మళ్ళీ తిప్పుతారు. అంతే, వేసేది ఎప్పుడూ ఒకే వైపు, తిప్పేది చెయ్యి. మధ్యలో చతురస్రం పెరుగుతూ ఉంటుంది, బొటనవేలు వదిలితే మొత్తం జారిపోతుంది, పిల్లలు ఏడ్చేది అక్కడే. చివరికి నాలుగు చేతులు కొసల్లో కట్టేస్తారు. దాన్ని గుమ్మం పైనో దూలానికో గుచ్చుతారు, ఇంటికి నిప్పు అంటుకోకుండా కాపాడుతుందని. ఇంటి పైకప్పు గడ్డిది, పొయ్యి మధ్యలో, భయం ఉత్తినే కాదు. పశువుల కొట్టంలో కూడా ఒకటి. అలా ఏటా ఒకటి చేరి పాత ఇళ్ళ దూలాల్లో మసిబారిన క్రాస్‌లు వరసగా ఉండేవి. ఆ డిజైనే 1961 ఆఖర్లో ఇక్కడ టీవీ మొదలైనప్పుడు దాని గుర్తు అయింది, 1990ల దాకా అదే.

ఇంకోటి బ్రాట్ బ్రీజ, బ్రిజిడ్ గుడ్డ. ఆ రాత్రి ఒక గుడ్డ ముక్క బయట చెట్టు మీదో కిటికీ గట్టు మీదో వదిలేస్తారు, ఆమె అటుగా వెళ్తూ తాకుతుంది, పొద్దున్న తీసి దాచుకుంటారు. తలనొప్పి వస్తే కట్టుకుంటారు, ఆవు ఈనలేక ఇబ్బంది పడితే దాని మీద కప్పుతారు. ఆమె కానుపులు చేసేవాళ్ళకి కూడా దేవత లాంటిదే. మా పక్కింటి పెద్దావిడ, చర్చికి అంతగా వెళ్ళదు, కానీ ప్రతి ఏడాదీ ఆ రాత్రి ఒక కండువా తోటలో వేలాడదీస్తుంది, గాలికి మా వైపు ఎగిరొస్తే నేను తీసి మళ్ళీ కట్టా. ఏమీ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కెర్రీలో అయితే ఇంకో గోల, బిడ్డీ బాయ్స్. తెల్ల చొక్కాలు, మొహం కనబడకుండా ఎత్తుగా అల్లిన గడ్డి టోపీలు, ఒక బొమ్మని మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగి పాటలు, డ్యాన్సులు, డబ్బులు. కిలోర్గ్లిన్‌లో ఇప్పుడు కాగడాలతో పెద్ద ఊరేగింపు చేస్తున్నారు. గాల్వే వైపు గడ్డి తాడుతో పెద్ద రింగ్ చేసి మనుషులు అందులోంచి దూరతారు, ఏడాదంతా జబ్బు రాకూడదని.

స్కాట్లండ్‌లో ఇదే రోజు బొరియలోంచి పాము బయటికొస్తుంది అని ఒక పాట ఉంది. అక్కడే కల్యాఖ్ అని చలికాలం ముసలమ్మ కథ కూడా. ఆ రోజుకి ఆమె దగ్గర కట్టెలు అయిపోతాయి. చలి ఇంకా సాగదీయాలి అనుకుంటే ఆ రోజు ఎండ కాయిస్తుంది, కట్టెలు ఏరుకోవడానికి. వాన పడిందంటే ముసలమ్మ నిద్రపోయింది, చలికాలం అయిపోయినట్టే. అంటే ఫిబ్రవరి 1న ఎండ వస్తే దిగులు పడాలి, వాన వస్తే సంతోషించాలి. ఐర్లండ్ వాతావరణానికి ఇంతకంటే తెలివైన కథ ఎవరూ కట్టలేరు (నవ్వులు). అమెరికాలో మన చుట్టాలు చూసే గ్రౌండ్‌హాగ్ డే కూడా ఇదే లాజిక్, ఫిబ్రవరి 2న ఎండ కాసి ఆ జంతువు దాని నీడ చూసుకుంటే ఇంకో ఆరు వారాలు చలి. అది జర్మనీ నుంచి పెన్సిల్వేనియాకి వెళ్ళినవాళ్ళు తీసుకెళ్ళిన నమ్మకం, పంక్సటానీ ఊళ్ళో 1887 నుంచి చేస్తున్నారు.

ఇప్పటి పేగన్ వాళ్ళ గురించి రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లో మార్స్‌డెన్ అనే ఊళ్ళో ఇంబోల్క్‌కి పెద్ద మంటల పండగ పెడతారు, మంచు రాక్షసుడు జాక్ ఫ్రాస్ట్, పచ్చని మనిషి గ్రీన్ మ్యాన్, ఇద్దరివీ పెద్ద బొమ్మలు కొట్టుకుంటాయి, పచ్చవాడు గెలుస్తాడు. అది కొత్తగా కట్టుకున్న పండగ, వాళ్ళే ఒప్పుకుంటారు, నాకు అందులో ఇబ్బందేం లేదు. ఆస్ట్రేలియాలో పేగన్‌లు ఇంబోల్క్‌ని ఆగస్టు 1న చేసుకుంటారు, అక్కడ చలికాలం పోయేది అప్పుడే కదా. తారీఖుకి కాకుండా కాలానికి కట్టుబడ్డారు, అది నాకు నచ్చింది.

ప్రశ్నలకి టైం ఉందా? ఉందంటున్నారు. చెప్పండి మేడం... వసంత పంచమి కూడా ఈ టైంలోనే కదా, బాసర సరస్వతి, ఇక్కడ కవుల దేవత, ఏమైనా లింక్ ఉందా అని. అందరూ అడుగుతారు ఇది. మాఘ శుద్ధ పంచమి జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఎప్పుడైనా పడొచ్చు, కొన్నేళ్ళు బ్రిజిడ్ రోజుకి ఆనుకునే వస్తుంది. కానీ ఒకదాన్నుంచి ఒకటి వచ్చింది అనడానికి ఏ ఆధారం లేదు. వాట్సాప్‌లో మ్యాప్ మీద బాణాలు గీసి పంపిస్తారు చూడండి, దయచేసి నాకు పంపకండి. రెండు పండగలూ ఉన్నాయి, రెండూ చేసుకోండి, ఇంటి పని కాస్త ఎక్కువ, అంతే.

అవును అన్నా, మీరు... క్రాస్ అంటే క్రైస్తవ గుర్తు కదా, మన ఇంట్లో గుమ్మానికి పెట్టొచ్చా అని. మీ ఇష్టం అన్నా. ఇక్కడ దేవుణ్ణి నమ్మనివాళ్ళ ఇళ్ళల్లో కూడా ఉంటుంది, పిల్ల స్కూల్లో చేసి తెచ్చింది కాబట్టి ఉంటుంది. మా ఇంట్లో మామిడాకుల తోరణం ప్లాస్టిక్‌ది, ఆ క్రాస్ మాత్రం ఒరిజినల్ గడ్డి (నవ్వులు).

సోమవారం ఎక్కడికెళ్ళాలి అని ఎవరో అడిగారు. కిల్డేర్‌కి వెళ్ళండి, డబ్లిన్‌లో హ్యూస్టన్ స్టేషన్ నుంచి ట్రైన్ ఉంది. స్క్వేర్‌లో జ్యోతి, కెథీడ్రల్ ఆవరణలో ఎత్తైన రౌండ్ టవర్, దాని పక్కనే పాత అగ్ని ఉండేది ఇక్కడే అని చూపించే పునాది గోడలు. 2024లో, ఆమె పోయి 1,500 ఏళ్ళు అయిన సందర్భంగా, ఆమెది అని చెప్పే చిన్న ఎముక ముక్కని ఆ ఊరి చర్చికి తిరిగి తెచ్చారు, వైకింగ్‌ల భయంతో ఆమె అవశేషాలు అక్కడినుంచి తరలించాక వెయ్యేళ్ళకి. నేషనల్ స్టడ్ గుర్రాల ఫామ్ పక్కనే ఆమె పేరుతో చిన్న నీటి ఊట ఉంది, చెట్టుకి గుడ్డలు కట్టి ఉంటాయి, దారి బురద, మంచి బూట్లు వేసుకోండి. పశ్చిమం వైపు వెళ్ళేవాళ్ళుంటే క్లేర్‌లో లిస్కానర్ దగ్గర ఇంకో ఊట, క్లిఫ్స్ ఆఫ్ మోహర్‌కి వెళ్ళే దారిలోనే, లోపల గోడ నిండా జనం వదిలిన ఫొటోలు, జపమాలలు, ఆసుపత్రి చీటీలు, అక్కడ ఫొటోలు తీయకండి, అవి ఎవరివో బాధలు.

ఆఖరి ప్రశ్న... గడ్డి ఎక్కడ దొరుకుతుంది అని. కాలవ పక్కన, తడి పొలాల్లో, రైతుని అడిగి తీసుకోండి, సంతోషంగా ఇస్తాడు, మోపులు మోపులు తీసుకెళ్ళమంటాడు. పాతవాళ్ళు కత్తితో కోయకూడదు, చేత్తోనే పీకాలి అంటారు. మొదట్లో తెల్లగా మెత్తగా వచ్చేదాకా లాగండి, తడిగుడ్డలో చుట్టి పెట్టుకోండి. హీటర్ పక్కన పెట్టకండి, ఎండిపోతే మడిచినచోట పుటుక్కుమని విరుగుతుంది.